ముదిరిన చెడ్డర్ టోస్ట్‌కి పనికిరాదు

“చీజ్ ఆన్ టోస్ట్‌కి చెడ్డరే వాడాలి. అదీ ఎంత ముదిరితే అంత మంచిది.” బ్రిటన్‌లో ఈ మాట వినపడని వంటిల్లు అరుదు. సూపర్‌మార్కెట్ అరల్లో చెడ్డర్ ప్యాకెట్ల మీద ఘాటును బట్టి అంకెలు వేసి ఉంటాయి. మూడు నెలల వయసున్నది మైల్డ్, ఏడాది చుట్టూ ఉన్నది మెచ్యూర్, ఏడాదిన్నర దాటింది వింటేజ్. అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది, దాంతోపాటు కొన్నవాడి నమ్మకమూ పెరుగుతుంది. అక్కడ కాపురం పెట్టిన మనవాళ్లు కూడా ఈ మాటను మొదటి నెలలోనే నేర్చేసుకుంటారు. నేను ప్రెస్టన్‌లో అద్దె ఇంట్లో దిగిన వారానికే వీధి చివరి తెలుగు అక్క నన్ను దుకాణానికి తీసుకెళ్లి, “మైల్డ్ కొనకమ్మా, దానికి రుచీ పచీ ఉండదు. టోస్ట్‌కైతే వింటేజే తీసుకో” అంది. రెండేళ్లు ఆమె చెప్పినట్టే చేశాను. రెండేళ్లూ నూనె ఓడే రొట్టె తిన్నాను.

ఆ వాదంలో బలం లేదని నేను అనను. రొట్టె చప్పగా ఉంటుంది, దాని మీద వెన్నా చప్పనే. ఆ చప్పదనాన్ని మోయాల్సింది పైనున్న చీజ్ ఒక్కటే. ఏడాదికి పైగా మాగిన చెడ్డర్‌లో ప్రోటీన్ విరిగి విరిగి, నాలుకకు మాంసం పులుసులా తగిలే రుచినిస్తుంది. కాబట్టి కొంచెం వేసినా చాలు. ఇది మొదటి వాదన. చెడ్డర్ టోస్ట్ ఆ దేశపు తరతరాల వంట అన్నది రెండోది. ఒకవేళ నూనె తేలినా పిండీ బీరూ వేసి సాస్‌లా కాస్తే సర్దుకుంటుందన్నది మూడోది. మంచి వంటగాళ్లే ఈ మూడూ చెబుతారు. కాబట్టి మూడింటికీ జవాబు చెప్పాలి.

ముందు ఈ మూడింటికీ పునాదిగా ఉన్న పొరపాటు చూద్దాం. చల్లగా తిన్నప్పుడు బాగున్నది వేడెక్కినా బాగుంటుందని వీళ్లు అనుకుంటున్నారు. మన ఇళ్లలో ఈ పొరపాటు ఎవరూ చెయ్యరు. అన్నానికి పాత బియ్యం మేలు, మెతుకు మెతుక్కీ అంటుకోదు. అలాగని సంక్రాంతికి అరిసెలు చెయ్యబోయే అమ్మమ్మకు రెండేళ్ల బియ్యం ఇచ్చి చూడండి. కొత్త బియ్యం తెమ్మని వెనక్కి పంపిస్తుంది. పాకంలో కలిసి సాగాల్సిన పిండికి కొత్త బియ్యపు జిగురు కావాలి. పాత బియ్యం గొప్పదే, కానీ ఆ పనికి కాదు. చెడ్డర్ విషయంలోనూ ఇంతే.

1. కరగడం అంటే ఏమిటి

ఈ వాదంలో అసలు లోపం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిలబడి చూడాలి.

తెలుగు నిఘంటువులు చీజ్‌కి జున్ను అని అర్థం రాసి మనల్ని తప్పుదారి పట్టించాయి. జున్ను ముర్రుపాలతో అవుతుంది. వేడి తగిలేకొద్దీ గడ్డకడుతుంది, ఎంత వేడి చేసినా మళ్లీ కరగదు. పనీర్ కూడా అంతే. కాగే పాలను నిమ్మరసంతో విరగ్గొట్టిన ఆ ముక్కను పెనం మీద ఎంతసేపు వేయించినా ఎర్రబడుతుందే తప్ప జారదు. చీజ్ దారి వేరు. గోరువెచ్చని పాలను రెనెట్ అనే ఎంజైమ్‌తో గడ్డకట్టించి, తేటనీళ్లు వడకట్టి, ఉప్పు పట్టించి మాగబెడతారు. అలా తయారైన గడ్డ కేసీన్ అనే ప్రోటీన్ దారాలతో అల్లిన వల లాంటిది. వల ముడులు కాల్షియంతో పడ్డవి. వల కళ్లలో కొవ్వు బొట్లూ నీళ్లూ చిక్కుకుని ఉంటాయి.

దాన్ని వేడి చేస్తే రెండు పనులు జరుగుతాయి. అవి రెండూ ఒకేసారి జరగవు. ముందు కొవ్వు కరుగుతుంది. పాల కొవ్వు ద్రవం కావడానికి మన ఒంటి వేడికి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు. వల వదులవడానికి ఇంకా చాలా వేడి కావాలి. ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’ రాసిన హెరాల్డ్ మెగీ చెప్పిన లెక్క ప్రకారం మెత్తటి చీజ్‌లు 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చెడ్డర్ తరహావి 65 దగ్గర, పార్మజాన్ లాంటి ఎండు చీజ్‌లు 82 దగ్గర కరుగుతాయి. ఈ తేడాకు పెద్ద కారణం నీరు. నీరున్న వల తొందరగా జారుతుంది. నీరు తగ్గిన వల బిగిసి ఉంటుంది.

ఇప్పుడు ముదిరిన చెడ్డర్‌ని గ్రిల్ కింద ఊహించుకోండి. కొవ్వు ఎప్పుడో ద్రవమైపోయింది. వల ఇంకా కదల్లేదు. పట్టుకునే దిక్కు లేక ఆ కొవ్వు బయటికి కారుతుంది, రొట్టెలోకి ఇంకుతుంది, అంచుల నుంచి పళ్లెంలోకి జారుతుంది. కొవ్వునూ నీటినీ పోగొట్టుకున్న ప్రోటీన్ దగ్గరికి ముడుచుకుని, రవ్వ రవ్వగా, పైన తోలులా మిగులుతుంది. అక్క చెప్పిన వింటేజ్‌తో రెండేళ్లు నేను తిన్నది అదే. గ్రిల్‌ని తప్పుపట్టాను, రొట్టెను తప్పుపట్టాను, చీజ్‌ని మాత్రం అనుమానించలేదు. దానికి ఎక్కువ డబ్బు పెట్టాను కాబట్టి.

ఇక్కడ తెలిసినవాళ్లు ఒక అడ్డుప్రశ్న వేస్తారు. మాగేకొద్దీ కేసీన్ దారాలు తెగుతాయి కదా, తెగిన వల ఇంకా తేలిగ్గా కరగాలి కదా అని. సగం నిజం. తయారైన కొత్తలో రబ్బరులా ఉండే చెడ్డర్ మొదటి కొన్ని వారాల్లో, నెలల్లో ఇలా తెగడం వల్లే మెత్తబడి బాగా కరిగే స్థితికి వస్తుంది. కానీ తెగడం అక్కడితో ఆగదు. ఏడాది దాటేసరికి దారాలు ముక్కలు ముక్కలై, కొవ్వును చుట్టి పట్టుకునే పొడవు వాటికి ఉండదు. చిరుగుల వల తేలిగ్గానే జారుతుంది, అందులో చేప మాత్రం నిలవదు. పైగా ఆ ఏడాదిలో నీరూ కొంత తగ్గుతుంది. దేన్నైతే గొప్పతనమని చెప్పి అమ్ముతున్నారో, ఆ ముదురుతనమే టోస్ట్ మీద దాని జబ్బు.

2. రుచి సంగతి

“నూనె కారితే కారనీ, రుచి ఉంది కదా” అంటారు. ఈ మాటలో తర్కం తలకిందులైంది.

చీజ్‌కి ఘాటు బయటి నుంచి చేర్చవచ్చు. కరిగే గుణాన్ని బయటి నుంచి చేర్చలేం. రొట్టె మీద పల్చగా మస్టర్డ్ రాస్తే ఘాటు వస్తుంది. సన్నగా తరిగిన ఉల్లిపాయ వేస్తే వస్తుంది, పచ్చిమిరపకాయ వేస్తే వస్తుంది, మిరియాల పొడి చల్లితే వస్తుంది. బ్రిటిష్ వాళ్లు వూస్టర్‌షైర్ సాస్ చుక్కలు వేస్తారు. లీ అండ్ పెరిన్స్ వాళ్లు దాన్ని 1837 నుంచి అమ్ముతున్నారు. అందులో మన చింతపండు ఉంటుంది, చేపలూ ఉంటాయి కాబట్టి శాకాహారులు సీసా మీద చూసుకుని కొనాలి. ముదిరిన చెడ్డర్ తెచ్చే పులుపు, ఉప్పన, మాంసపు రుచి, ఈ మూడూ ఆ సాస్ రెండు చుక్కల్లో ఉన్నాయి. రుచి కోసం కరగని చీజ్‌ని ఎంచుకోవడమంటే ఉప్పు ఎక్కువుందని ఉడకని పప్పును మెచ్చుకోవడమే.

ఇంకొకటి. చల్లటి పాత చెడ్డర్‌లో మనం ఇష్టపడేది ఘాటు ఒక్కటే కాదు. కొరికితే పొరలుగా విరగడం, మధ్యలో పంటి కింద కరకరలాడే పలుకులు, నెమ్మదిగా నోట్లో విచ్చుకునే వాసన కూడా. ఆ పలుకులు కాల్షియం లాక్టేట్‌వీ, టైరోసిన్ అనే అమైనో ఆమ్లానివీ. మాగడానికి పట్టిన కాలానికి అవి గుర్తు. గ్రిల్ కింద మూడు నిమిషాలుంటే విరుపు పోతుంది, మెల్లగా రావాల్సిన వాసన ఒక్కసారిగా ఆవిరితో లేచి గదిలో కలుస్తుంది. నాలుక మీద మిగిలేది ఉప్పు, కొద్దిగా చేదు. ఒక రైతు కుటుంబం ఏడాదిన్నర పాటు గుడ్డ చుట్టి, తిప్పి, కాపాడిన చీజ్‌ని ఇలా చెయ్యడం నాకు బాధగా ఉంటుంది. ముదిరిన చెడ్డర్ మీద గౌరవం లేక నేనిది రాయడం లేదు. గౌరవం ఉండే రాస్తున్నాను.

లేత చీజ్ చప్పన అన్న ఆరోపణ కూడా సూపర్‌మార్కెట్ మైల్డ్ చెడ్డర్‌ని చూసి పుట్టిందే. ఆ ఒక్క ప్యాకెట్‌ని చూసి లేత చీజ్‌లన్నిటికీ తీర్పు చెప్పడం న్యాయం కాదు. బాగా చేసిన లేత చీజ్‌లో వెన్న రుచి, తాజా పెరుగు పులుపు ఉంటాయి. వేడెక్కితే ఆ రెండూ పెరుగుతాయి.

3. ఏ సంప్రదాయం?

“తరతరాలుగా చెడ్డరే” అనేవాళ్లు ఏ తరాల గురించి చెబుతున్నారో అడగాలి.

కాల్చిన చీజ్ మీద వేల్స్ వాళ్లకున్న మోజును 16వ శతాబ్దపు రచయిత ఆండ్రూ బోర్డ్ ప్రస్తావించాడు. వాళ్ల భాషలో దాని పేరు ‘కౌస్ పోబి’. 1747లో అచ్చయిన హానా గ్లాస్ వంట పుస్తకంలో స్కాచ్ రాబిట్, వెల్ష్ రాబిట్, ఇంగ్లిష్ రాబిట్ అని మూడు విధాలు ఉన్నాయి. ఒకదానికి వెన్న రాసిన టోస్ట్, ఒకదానికి మస్టర్డ్, ఒకదానికి ఎర్ర వైన్‌లో నానిన రొట్టె. ఏ చీజ్ వాడాలో ఆమె నిర్ణయించలేదు, ఊళ్లో దొరికే చీజే ఆ ఊరి టోస్ట్. నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’ చదివినవాళ్లకు బెన్ గన్ గుర్తుంటాడు. మూడేళ్లు దీవిలో ఒంటరిగా పడి ఉండి చీజ్ కోసం కలలు కన్న మనిషి. ఆ పుస్తకానికి మూలమైన ట్రెజర్ ఐలాండ్‌లో స్టీవెన్సన్ అతని కలలోకి తెచ్చింది కాల్చిన చీజ్‌నే. దానికి ఊరి పేరు పెట్టలేదు.

మరి చెడ్డర్ ఒక్కటే ఎలా మిగిలింది? 19వ శతాబ్దంలో సోమర్సెట్‌కి చెందిన జోసెఫ్ హార్డింగ్ దాని తయారీని లెక్క ప్రకారం, శుభ్రంగా, ఎక్కడైనా చేసుకునేలా తీర్చిదిద్దాడు. అది మెచ్చుకోవాల్సిన పనే. అసలు దెబ్బ రెండో ప్రపంచ యుద్ధంలో పడింది. చీజ్ రేషన్‌లోకి వెళ్లింది. చాలాకాలం తలకు వారానికి దొరికింది 2 ఔన్సులు, అంటే సుమారు 57 గ్రాములు. దేశంలోని పాలను నిలవ ఉండే, ముక్కలు కోస్తే పొడి రాలని గట్టి చీజ్ వైపు మళ్లించారు. జనం దానికి ‘గవర్నమెంట్ చెడ్డర్’ అని పేరు పెట్టారు. తేమ ఎక్కువుండి నిలవకు ఆగని లాంకషైర్ లాంటివి పక్కకు పోయాయి. రేషన్ 1954లో ముగిసే నాటికి ఒక తరం పిల్లలు చీజ్ అంటే చెడ్డరే అనుకుంటూ పెరిగారు. చాలా పొలాల్లో తయారీ మళ్లీ మొదలు కానేలేదు.

యుద్ధ కాలపు ప్రభుత్వం చేసింది తప్పని నేను అనడం లేదు. ఆకలికి లెక్కలు వేరు. కానీ నిలవ కోసం చేసిన ఎంపికను రుచి కోసం చేసిన ఎంపికగా మార్చి చెప్పడం తప్పు. గోదాములో బాగుంది కాబట్టి టోస్ట్ మీదా బాగుంటుందన్న మాటకు సంప్రదాయమని పేరు పెట్టకూడదు.

4. సాస్‌తో సర్దుకోవడం

పిండి, బీరు, మస్టర్డ్ వేసి చీజ్‌ని సాస్‌లా కాచి రొట్టె మీద పోస్తే ముదిరిన చెడ్డర్ కూడా విరగదన్నది నిజమే. పిండిలోని గంజి ప్రోటీన్ ముద్దలు కట్టకుండా అడ్డుపడుతుంది, కొవ్వును కలిపి ఉంచుతుంది. దానికి వెల్ష్ రేర్‌బిట్ అని వేరే పేరు ఉంది, అది వేరే వంటకం. మనం మాట్లాడుతున్నది రొట్టె, చీజ్, వేడి, ఈ మూడిటి గురించే. నిలబడటానికి పిండి ఊతం కావాలని ఒప్పుకున్నాక ఈ పనికి ఇదే మేటి అని ఎలా అంటారు? ఈ వాదన మొదటి వాదనను కాపాడటం లేదు, దాని ఓటమిని ఒప్పుకుంటోంది.

5. అయితే ఏది?

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లకు నా జవాబు ఒక్కటే, క్రీమీ లాంకషైర్. లీ అనే ఊళ్లో దాన్ని ఒకప్పుడు ‘లీ టోస్టర్’ అనేవారు. టోస్ట్ పేరు మీద పిలిపించుకున్న చీజ్ అది. ఆ ప్రాంతపు మిల్లులు, గనుల పనివాళ్లకు ఏది బాగా కరుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అది అలా కరగడానికి కారణం దాని పుట్టుకలోనే ఉంది. చిన్న కమతాల్లో ఒక రోజు పాలు ఒక గడ్డకు సరిపోయేవి కావు. అందుకని నిన్నటి గడ్డనూ మొన్నటి గడ్డనూ దాచి, ఇవాళ్టి దానితో కలిపి, చిదిపి, అచ్చులో వేసేవాళ్లు. పులుపులో హెచ్చుతగ్గులున్న రెండు మూడు రోజుల గడ్డలు కలవడంతో ఆ చీజ్ వదులుగా, వెన్నలా, తేమగా వచ్చింది. పేదరికం నేర్పిన ఆ పద్ధతిని 1890లలో జోసెఫ్ గోర్నాల్ ఇల్లిల్లూ తిరిగి చూసి, కొలతలు పెట్టి ఒక తీరుకు తెచ్చాడు. నీటి విషయంలో చట్టమే సాక్ష్యం. బ్రిటన్ పాత చీజ్ నిబంధనల్లో చెడ్డర్‌కి నీరు నూటికి 39 మించకూడదని ఉంటే, లాంకషైర్‌కి 48 వరకు అనుమతి ఉండేది. కొవ్వు కరిగే క్షణానికీ వల వదులయ్యే క్షణానికీ మధ్య దూరం ఆ నీటి వల్లే తగ్గుతుంది. రెండూ కలిసి జారతాయి. పైపొర బుడగలు పోసి ఎర్రబడుతుంది, అడుగు మీగడలా ఉంటుంది, పళ్లెం పొడిగా ఉంటుంది.

ఒక హెచ్చరిక. లాంకషైర్ అన్న పేరు చూసి ‘క్రంబ్లీ’ రకం తెచ్చుకోవద్దు. తొందరగా పులియబెట్టి చేసే ఆ కొత్త రకంలో పులుపు ఎక్కువై, వలలోని కాల్షియం చాలావరకు తేటనీళ్లతో పోతుంది. వేడికి అది జారదు, పొడిపొడిగా ఎండుతుంది. కాబట్టి లేతదైతే చాలన్నది కూడా నా వాదం కాదు. తేమ, మితమైన పులుపు, నెల నుంచి మూడు నెలల వయసు, ఈ మూడూ కలవాలి. ‘టేస్టీ’ అన్న పేరుతో నెలల తరబడి మాగబెట్టిన లాంకషైర్ కూడా వస్తుంది. దాన్ని పక్కన పెట్టండి.

మొజెరెల్లా గురించి ఒక్క మాట. తీగలు సాగితే బాగా కరిగిందని ఫొటోలు చూసి నమ్ముతున్నారు. సాగడం వేరు, కరగడం వేరు. తీగలు సాగే చీజ్ ఒక్క కొరుకుకే పైపొర మొత్తంగా ఊడి వస్తుంది, రెండో కొరుక్కి ఉత్త రొట్టె మిగులుతుంది. పీజా మీద అడుగున సాస్ ఉంటుంది కాబట్టి చెల్లింది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు లాంకషైర్ కోసం వెతుక్కోనక్కర్లేదు, సూత్రం పట్టుకుంటే చాలు. ప్యాకెట్ మీద ‘ఏజ్డ్’ అని గొప్పగా రాసి, రెట్టింపు ధర వేసిన దిగుమతి చెడ్డర్‌ని టోస్ట్ కోసం కొనవద్దు. మన ప్రాసెస్డ్ చీజ్‌ని చూసి ముఖం చిట్లించాల్సిన పని లేదు. 1911లో స్విట్జర్లాండ్‌లోని తూన్‌లో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు ఎమ్మెంటాల్ చీజ్‌లో సోడియం సిట్రేట్ కలిపి చేసిన ప్రయోగం నుంచి వచ్చింది అది. ఆ లవణం వల ముడుల్లోని కాల్షియాన్ని లాక్కుని కొవ్వును కలిపి పట్టుకుంటుంది. ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ 331 అని కనబడేది అదే. కరిగే పరీక్షలో అది వింటేజ్‌ని ఓడిస్తుంది. రుచిలో లోటు ఉందంటే ఒప్పుకుంటాను. ఆ లోటుకు పచ్చిమిరప ముక్కలు, ఉల్లిపాయ, మిరియాలు ఉన్నాయి. తురిమి అమ్మేవి మాత్రం వద్దు. పాయలు అంటుకోకుండా వాటికి గంజిపొడి పట్టిస్తారు, ఆ పొడి కరిగేటప్పుడు కూడా వాటిని సరిగా కలవనివ్వదు.

ఇక చెయ్యడం. రొట్టెను ముందు రెండు వైపులా కాల్చాలి, లేకపోతే చీజ్ తేమకు అడుగు మెత్తబడుతుంది. పల్చగా మస్టర్డ్ రాయాలి. చీజ్‌ని అర సెంటీమీటరు మందాన కోసి, అంచు కనబడకుండా రొట్టె చివరిదాకా పరచాలి. కనబడిన అంచు మాడుతుంది. గ్రిల్ ముందే వేడెక్కి ఉండాలి. బుడగలు వచ్చి అక్కడక్కడా గోధుమరంగు చుక్క పడగానే తీసెయ్యాలి. ఓవెన్ లేనివాళ్లు పెనం మీద సన్నసెగన మూత పెట్టి చేసుకోవచ్చు. పైన ఎర్రబడదు గానీ ఆవిరికి చక్కగా జారుతుంది.

ఇంట్లో ఇప్పటికే వింటేజ్ చెడ్డర్ ముక్క ఉంటే పారెయ్యకండి. తినడానికి గంట ముందు ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి. పుల్లటి ఆపిల్ ముక్కతో, చేత్తో విరుచుకుని తినండి. దాని కోసం గ్రిల్ వెలిగించకండి.